పాత లావాదేవీలను ఆర్కైవ్ చేస్తే డేటాబేస్‌లో నిజంగా ఎంత చోటు మిగులుతుంది?

తణుకు_మిల్లు_ఐటీ

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థకు తణుకు, తాడేపల్లిగూడెం పరిసరాలలో కొన్ని రైస్ మిల్లులున్నాయి. ధాన్యం కొనుగోలు, కాటా, నిల్వ, అమ్మకాలు, ఖాతాలు అన్నీ 2011-12 నుంచి ఒకే ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో నడుస్తున్నాయి. డేటా ఫైలు ఇప్పుడు 620 జీబీకి చేరింది. కొత్త డిస్కుల కోసం కొటేషన్ పెడితే, యాజమాన్యం నుంచి వచ్చిన జవాబు ఇది: "పద్నాలుగేళ్ల లెక్కలున్నాయి, చట్టానికి ఎనిమిదేళ్లు చాలు, మిగిలిన ఆరేళ్లవి తీసి పక్కన పెడితే పద్నాలుగింట ఆరు వంతులు, అంటే 265 జీబీ ఖాళీ అవుతుంది, ఇక డిస్కులెందుకు?"

ఈ భాగహారంలో ఎక్కడో లోపముందని నాకు తెలుస్తూనే ఉంది గానీ, ఎంత లోపమో కాగితం మీద చూపగలగాలి. లెక్క ఏ పద్ధతిలో వేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

దాళ్వా

ముందుగా ఒక విషయం. 620 జీబీ అన్నది ఫైలు పరిమాణమా, అందులో వాడుకలో ఉన్న పరిమాణమా? ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్ అనే ఆజ్ఞ నడిపితే కేటాయించని చోటు విడిగా చూపిస్తుంది. ఆ భాగంలో డేటా ఏదీ లేదు కనుక, దానిని ఏళ్ల మీద పంచి "ఆదా" అనుకోవడానికి వీలులేదు.

ఆ తరువాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను నిర్వహించే మేనేజ్‌మెంట్ స్టూడియో ప్రోగ్రాములో డేటాబేస్ పేరు మీద రిపోర్టులలోకి వెళ్తే, పెద్ద టేబుళ్లు ఎంతెంత డిస్కు తింటున్నాయో చూపే నివేదిక ఉంటుంది. ప్రతి టేబుల్‌కు డేటా ఎంత, ఇండెక్సులు (వరుసలను త్వరగా వెతకడానికి కట్టే సూచికలు) ఎంత అన్నవి వేరువేరుగా రాసి ఇక్కడ పెట్టండి. మొదటి అయిదారు టేబుళ్లు చాలు. ఏ వ్యాపార డేటాబేస్ అయినా బరువంతా వాటి మీదే ఉంటుంది, మిగిలిన వందల టేబుళ్ల గురించి తల పట్టుకోనవసరం లేదు.

తణుకు_మిల్లు_ఐటీ

దాళ్వా గారికి ధన్యవాదాలు. ఫైలు 620 జీబీ, అందులో కేటాయించనిది 70, అంటే వాడుకలో ఉన్నది 550 జీబీ. ఇది పంపకం:

కాటా ఫోటోల టేబుల్ 240 జీబీ. నిల్వ కదలికల టేబుల్ 110 జీబీ, అందులో డేటా 62, ఇండెక్సులు 48. ఖాతా పద్దుల టేబుల్ 90 జీబీ. మార్పుల చరిత్రను నమోదు చేసే ఆడిట్ ట్రయల్ టేబుల్ 60 జీబీ. తక్కినవన్నీ కలిపి 50 జీబీ.

ఫోటోల విషయం కొంచెం వివరించాలి. లారీ గానీ ట్రాక్టర్ గానీ కాటా ఎక్కినప్పుడు నిండు తూకానికి ఒకటి, ఖాళీ తూకానికి ఒకటి చొప్పున కెమెరా ఫోటో తీస్తుంది, అది నేరుగా డేటాబేస్‌లోనే కూర్చుంటుంది. అన్ని మిల్లులూ కలిపి ఏడాదికి దాదాపు 90,000 ఫోటోలు. ఈ ఏర్పాటు 2015-16లో మొదలైంది.

దాళ్వా

ఇప్పుడు లెక్క తేలికవుతుంది. ఫోటోలు 2015-16లో మొదలైతే, మీరు తీయదలచిన ఆరేళ్లలో నాలుగేళ్లకు అసలు ఫోటోలే లేవు. ఆడిట్ ట్రయల్ సంగతి కూడా అంతే. ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే కంపెనీలు లెక్కలు ఉంచాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది, మీ టేబుల్ కూడా అప్పుడే పుట్టి ఉంటుంది. అలాగైతే ఆ 60 జీబీలో పాత ఏళ్ల వాటా సున్నా. ఈ రెండు టేబుళ్లే 300 జీబీ, అంటే వాడుకలో సగానికి పైన, యాజమాన్యం వారి భాగహారానికి అందకుండా పోయాయి.

దయచేసి ఫోటోల సగటు పరిమాణం ఏడాదివారీగా తీయండి. మొత్తం టేబుల్‌కు కలిపి ఒక్క సగటు తీయవద్దు. పరిమాణాన్ని చెప్పే డేటాలెంగ్త్ ఫంక్షన్‌తో ప్రతి ఏడాదీ సార్వా కోతల నెల నుంచి కొన్ని వేలు, దాళ్వా కోతల నెల నుంచి కొన్ని వేలు నమూనాగా చూస్తే సరిపోతుంది. టేబుల్ మొత్తం చదివించి పట్టపగలు కాటా దగ్గర లారీలను నిలబెట్టవలసిన పనిలేదు.

పద్దుల_పంతులు

నేను కంప్యూటర్ మనిషిని కాను, లెక్కల మనిషిని. ఎనిమిదేళ్ల సంగతి మాత్రం స్పష్టం చేయాలి, ఎందుకంటే మీ అంచనాకు గీత గీసేది అదే.

2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్, 5వ ఉపసెక్షన్ ప్రకారం, నడుస్తున్న ఆర్థిక సంవత్సరానికి ముందున్న ఎనిమిది ఆర్థిక సంవత్సరాల ఖాతా పుస్తకాలను, వాటిలోని పద్దులకు సంబంధించిన వోచర్లతో సహా భద్రపరచాలి. ఇప్పుడు నడుస్తున్నది 2025-26 అనుకుంటే, 2017-18 నుంచి 2024-25 వరకు ఉంచవలసినవి. జీఎస్‌టీ కింద 36వ సెక్షన్ చెప్పేది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. అప్పీలు గానీ విచారణ గానీ నడుస్తుంటే, అది తేలిన తరువాత మరో ఏడాది, లేదా ఆ 72 నెలలు, ఏది ఆలస్యమైతే అది.

అయితే ఈ గడువులు ఉంచడానికి పెట్టినవి. ఏ డిస్కు మీద ఉంచాలన్నది అందులో లేదు. తీసి వేరేచోట చదవడానికి వీలుగా పెట్టడం ఒకటి, శాశ్వతంగా చెరిపివేయడం వేరొకటి. ఎలక్ట్రానిక్ రూపంలోని పుస్తకాలు భారతదేశంలో ఎప్పుడైనా చూడటానికి వీలుగా ఉండాలి, మొదటి రూపంలో పూర్తిగా ఉండాలి, వాటి బ్యాకప్ దేశంలోని సర్వర్లలో ప్రతిరోజూ పడాలి. ఈ షరతులు నెరవేరితే నాలుగేళ్ల కిందటి పద్దులను ఆర్కైవ్ సర్వరులో పెట్టడానికి ఎనిమిదేళ్లు నిండాలని కూర్చోనక్కరలేదు. కాబట్టి "ఎంత చోటు మిగులుతుంది" అని అడిగేముందు "ఏ తేదీకి ముందువి కదుపుతాము" అన్నది తేల్చుకోవాలి. అది మీ ఆడిటరు గారితో కూర్చుని రాసుకోవలసిన మాట, ఈ వేదికలో తేలేది కాదు.

భీమవరం_చెరువు

పంతులు గారు చెప్పిన దానికి ఇంకొకటి కలపాలి. తేదీ పాతదైనంత మాత్రాన పద్దు కదలదు. మాది రొయ్యల మేత పంపిణీ. రైతుకు మేత అప్పుగా ఇస్తాం, పంట పట్టుబడి అయ్యాక జమ చేసుకుంటాం. చెరువులో జబ్బు పడి పంట పోతే ఆ బాకీ తరువాతి పంటకు, దాని తరువాతి పంటకు పోతూనే ఉంటుంది. 2014 నాటి ఇన్‌వాయిస్‌కు వ్యతిరేకంగా ఈ మధ్య వచ్చిన జమ కూడా మా దగ్గర ఉంది. ఆ జమకు ముడిపడిన పాత ఇన్‌వాయిస్‌ను కదిపితే రైతు ఖాతా విప్పి చూపలేం.

అందుచేత "2017 ఏప్రిల్‌కు ముందు ఎన్ని వరుసలున్నాయి" అన్న ప్రశ్నతో ఆగిపోకుండా, "వాటిలో పూర్తిగా తీరిపోయిన గొలుసులెన్ని" అని అడగాలి. ఇన్‌వాయిస్, దాని రసీదులు, సర్దుబాటు వోచర్లు, వాటికి ముడిపడిన నిల్వ కదలిక, ఈ గొలుసులో ఒక్కటి తెరిచి ఉన్నా మొత్తం గొలుసు లైవ్ డేటాబేస్‌లోనే ఉండిపోవాలి. బియ్యం మిల్లులవారికి గోనె సంచుల లెక్క తేలని సీజన్లు ఉంటాయని విన్నాను, అవి కూడా చూసుకోండి.

కాకినాడ_ఒరాకిల్

నేను లోగడ శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ నడిచే చోట పనిచేశాను. భీమవరం గారు చెప్పిన గొలుసు పరీక్ష అక్కడ ప్రోగ్రాములోనే ఉంటుంది. టానా అనే కోడుతో తెరిచే స్క్రీనులో ఒక టేబుల్‌ను కంపెనీ కోడ్ వారీగా, ఆర్థిక సంవత్సరం వారీగా లెక్కించి వరుసల సంఖ్య తీయవచ్చు, ఏ టేబుల్ ఏ ఆర్కైవింగ్ ఆబ్జెక్టు (కలిపి తీయవలసిన టేబుళ్ల సమూహం) కిందికి వస్తుందో డీబీ15 స్క్రీనులో కనిపిస్తుంది. పత్రం ఎన్నాళ్లు లైవ్‌లో ఉండాలన్న గడువు దాటినా, తీరని పద్దులున్న పత్రాన్ని ఆ ప్రోగ్రాము వదిలేస్తుంది. సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ పరీక్షను మీరే క్వెరీగా (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నగా) రాసుకోవాలి. అంచనాకు రాసిన ఆ క్వెరీయే రేపు తీసేటప్పుడు కూడా పనికొస్తుంది కనుక శ్రమ వృథా కాదు.

తణుకు_మిల్లు_ఐటీ

అందరి సూచనల ప్రకారం లెక్క వేశాను.

ఫోటోలు: 2015-16 నుంచి 2018-19 వరకు సగటు 60 కేబీ. 2019లో కాటాల దగ్గర కొత్త కెమెరాలు పెట్టించారు, అప్పటి నుంచి సగటు 400 కేబీ. తీయదలచిన ఏళ్లలో ఫోటోలున్నవి రెండే కనుక 1,80,000 ఫోటోలు, ఒక్కొక్కటి 60 కేబీ చొప్పున 10 జీబీ పైచిలుకు మాత్రమే. 2019-20 నుంచి మాత్రం ఒక్కో ఏడాదికి 36 జీబీ.

నిల్వ కదలికలు: అప్పట్లో మాకు మిల్లులు తక్కువ. మొత్తం వరుసలలో ఆ ఆరేళ్ల వాటా 22 శాతమే. 110 జీబీలో 24 జీబీ.

ఖాతా పద్దులు: వరుసల వాటా 20 శాతం, అంటే 18 జీబీ. వాటిలో గొలుసు పూర్తిగా తీరినవి ముప్పాతిక వంతు, కాబట్టి 13 జీబీకి కాస్త పైన. పైగా పాత వరుసలు సన్నగా ఉన్నాయి. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, మూడు రకాల పన్ను నిలువు వరుసలు, ఆ తరువాత ఈ-ఇన్‌వాయిస్ వచ్చాక 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ గుర్తింపు సంఖ్య), దానికి తోడు సంతకంతో కూడిన క్యూఆర్ పాఠం చేరాయి. నమూనా చూసి ఆ తేడా తీసేస్తే 11 జీబీ.

ఆడిట్ ట్రయల్: సున్నా. టేబుల్‌లోని మొట్టమొదటి నమోదు తేదీ దాళ్వా గారు ఊహించినదే.

మొత్తం 45 జీబీ. యాజమాన్యం అనుకున్నది 265.

తక్కినవి అనుకున్న 50 జీబీలో ఒక వింత కనిపించింది. సాఫ్ట్‌వేర్ మార్పులు చేసినప్పుడల్లా ఎవరో ముందుజాగ్రత్తగా తీసుకున్న టేబుల్ నకళ్లు, పేరు చివర తేదీలతో, 15 జీబీ దాకా అలాగే పడి ఉన్నాయి. వాటిని తీయడానికి ఆర్కైవ్ అక్కరలేదు, ధైర్యం చాలు.

దాళ్వా

ధైర్యానికి ముందు బ్యాకప్ కూడా ఉండాలి. లెక్క బాగా వేశారు. ఇప్పుడు ఆ 45 జీబీ మీ చేతికి ఏ రూపంలో వస్తుందో చూద్దాం, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాను 8 కేబీ పేజీలలో దాస్తుంది. వరుసలను తొలగించినప్పుడు, పేజీలోని వరుసలన్నీ పోతేనే ఆ పేజీ పూర్తిగా విడుదలై వేరే టేబుల్‌కు పనికొస్తుంది. మీ నిల్వ కదలికల టేబుల్ క్లస్టర్డ్ ఇండెక్స్, అంటే వరుసలు ఏ క్రమంలో కూర్చోవాలో నిర్ణయించేది, దేని మీద ఉంది? తేదీ మీదగానీ, పెరుగుతూ పోయే సంఖ్య మీదగానీ ఉంటే పాత వరుసలన్నీ ఒకచోటే ఉంటాయి, తొలగించగానే పేజీలకు పేజీలే ఖాళీ అవుతాయి. రైతు కోడు మీదో లాట్ నంబరు మీదో ఉంటే, ఒకే రైతుకు చెందిన 2012 నాటి వరుస, మొన్నటి వరుస పక్కపక్కనే కూర్చుంటాయి. అప్పుడు తొలగింపు పప్పులో రాళ్లు ఏరినట్లే, ప్రతి పేజీలో అక్కడక్కడ ఖాళీలు పడతాయి తప్ప ఒక్క పేజీ కూడా విడుదల కాదు. ఇండెక్స్‌ను తిరిగి కట్టిస్తేనే ఆ చోటు బయటపడుతుంది.

తిరిగి కట్టేటప్పుడు కొత్త ప్రతి తయారయ్యేదాకా పాత ప్రతి కూడా ఉంటుంది. అంటే 62 జీబీ డేటాలో 22 శాతం పోయాక మిగిలే 48 జీబీకి సరిపడా, ఇంకా కాస్త ఎక్కువే, ఫైలులో ఖాళీ ఉండాలి. మీకు కేటాయించని 70 జీబీ ఉండటం అదృష్టం. లేకపోతే చోటు ఆదా చేయబోయి ఫైలునే పెంచవలసి వచ్చేది, డిస్కు నిండుగా ఉన్నవారికి ఇది తరచుగా జరిగేదే.

కాకినాడ_ఒరాకిల్

ఒరాకిల్ వాడేవారు కూడా ఇది చదువుతుంటారు కనుక ఒక్క మాట. అక్కడ డిలీట్ చేసినంత మాత్రాన టేబుల్ హై వాటర్ మార్క్ (ఇప్పటిదాకా నిండిన చోటును చూపే గీత) దిగదు. సెగ్మెంటు, అంటే టేబుల్‌కు కేటాయించిన చోటు, పరిమాణం డీబీఏ_సెగ్మెంట్స్ పట్టికలో ముందెంత చూపిస్తుందో తరువాత కూడా అంతే చూపిస్తుంది. ష్రింక్ స్పేస్ గానీ మూవ్ గానీ అనే ఆజ్ఞ ఇవ్వాలి. మూవ్ చేస్తే ఇండెక్సులను మళ్లీ కట్టాలి. ఆర్థిక సంవత్సరం వారీగా పార్టిషన్లు (టేబుల్‌లో విడివిడి భాగాలు) చేసి ఉంటే ఈ బాధ లేదు, పాత పార్టిషన్‌ను తీసేస్తే చాలు. కానీ పాత డేటాబేస్‌లలో ఆ ముందుచూపు ఎక్కడ కనిపిస్తుంది?

అంబాజీపేట_కొబ్బరి

చర్చ మధ్యలో చిన్న సందేహం, మన్నించాలి. మాది కొబ్బరి కమీషన్ వ్యాపారం, ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019 వాడుతున్నాం. 10 జీబీ పరిమితి దగ్గరపడింది. పాతవి తొలగించాక ఫైలును కుదించాలా, లేక అలాగే వదిలేయవచ్చా?

దాళ్వా

మన్నించవలసిందేమీ లేదండీ, ఇదే చర్చకు చెందిన ప్రశ్న. ఆ పరిమితి ఫైలు ఇంకా పెరగకుండా ఆపుతుంది. ఫైలు లోపల ఖాళీ అయిన చోటును తిరిగి వాడుకోవడానికి అడ్డు లేదు. కుదించనవసరం లేదు, పైగా కుదించే ఆజ్ఞ ష్రింక్‌ఫైల్ నడిపితే పేజీలు చివరి నుంచి ముందుకు జరిగి ఇండెక్సుల వరుస చెదిరిపోతుంది. కానీ పెద్ద టేబుల్ ఇండెక్స్ తిరిగి కట్టడానికి ఆ 10 జీబీలోపలే చోటు దొరకాలి కనుక, పూర్తిగా నిండేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. మార్పులను వరుసగా రాసుకునే లాగ్ ఫైలు ఆ పరిమితిలోకి రాదు.

దాళ్వా

తిరిగి తణుకు గారి విషయానికి. 45 జీబీ ఎక్కువా తక్కువా అన్నది మీ ఎదుగుదల మీద ఆధారపడుతుంది. మీరిచ్చిన అంకెలనుబట్టి ఫోటోలు ఏడాదికి 36 జీబీ, ఆడిట్ ట్రయల్ రెండేళ్లలో 60 అంటే ఏడాదికి 30, నిల్వ, ఖాతాలు కలిపి 18 వేసుకుందాం. మొత్తం ఏడాదికి 84, నెలకు 7 జీబీ. ఆరేళ్ల లెక్కలను కష్టపడి తీస్తే మీకు దొరికేది ఆరు నెలల పైచిలుకు ఊపిరి. యాజమాన్యానికి జీబీలలో చెప్పవద్దు, నెలలలో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

నా అభిప్రాయంలో మీరు కత్తి పెట్టవలసిన చోటు వేరే ఉంది. ఫోటోలను 2022-23 వరకు డేటాబేస్ బయటికి, ఫైళ్ల రూపంలో వేరే నిల్వకు మార్చి, డేటాబేస్‌లో ఫైలు ఉన్న దారి, ఫోటో మారలేదని చూపే హ్యాష్ విలువ మాత్రం ఉంచితే, 2019-20 నుంచి నాలుగేళ్లకు 144, అంతకు ముందు నాలుగేళ్లకు 21, కలిపి 165 జీబీ వస్తుంది. మీ 24, 11 కలిపితే 200. నెలకు 7 చొప్పున 28 నెలలు. ఇక మీదట తీసే ఫోటోలు కూడా బయటికే వెళ్లేట్లు ప్రోగ్రాము మారిస్తే ఎదుగుదల నెలకు 4 జీబీకి పడిపోతుంది, అదే 200 జీబీ నాలుగేళ్లకు పైగా సరిపోతుంది. ఫోటోలను డిస్కు మీద ఫైళ్లుగా దాచే ఫైల్‌స్ట్రీమ్ సదుపాయం వాడమని కొందరు చెబుతారు, కానీ అది డేటాబేస్ బ్యాకప్‌లోనే కలిసి వస్తుంది కనుక మీ సమస్య సగమే తీరుతుంది.

ఇంకో లాభం బ్యాకప్‌లో ఉంది. జేపీఈజీ ఫోటోలు అప్పటికే కుదించి ఉన్నవి, బ్యాకప్ కంప్రెషన్‌కు అవి లొంగవు. పద్దుల టేబుళ్లు బాగా కుదించుకుపోతాయి. అంటే ఇవాళ మీ బ్యాకప్ ఫైలులో ఫోటోల వాటా డేటాబేస్‌లోని వాటాకంటే ఎక్కువ. పరీక్ష సర్వరులో ఒక నకలు, మరోచోట ఒక నకలు ఉంచుతుంటే ఆదాను అన్నింటికీ లెక్కించండి.

పద్దుల_పంతులు

కాటా చీటీ వోచరు కిందికి వస్తుంది కనుక, దాని ఫోటోను కూడా వోచరుతో సమానంగా కాపాడమని నా సలహా. బయటికి మార్చడానికి అభ్యంతరం లేదు, కానీ రోజువారీ బ్యాకప్ పరిధిలోనుంచి అది జారిపోకూడదు. డేటాబేస్‌కు బ్యాకప్ పడుతుంది, పక్కన ఫోల్డరును ఎవరూ పట్టించుకోరు, లోకంలో జరిగేది ఇదే. రెండో ప్రతి అదే భవనంలో ఉంచవద్దని కూడా చెప్పాలి. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవారికి ఇది వివరించనక్కరలేదు.

తణుకు_మిల్లు_ఐటీ

బ్యాకప్‌ను పరీక్ష సర్వరులో ఎక్కించి, 2011-12, 2012-13 నిల్వ కదలికలను తొలగించి చూశాను. ఆ రెండేళ్ల వాటా వరుసలలో 6 శాతం, కాబట్టి 6 జీబీ పైన తగ్గాలి. తొలగించాక తేదీ మీదున్న ఇండెక్స్ మాత్రం వెంటనే తగ్గింది. క్లస్టర్డ్ ఇండెక్స్ రైతు కోడు మీద ఉండటంతో ఇంచుమించు కదలలేదు. పేజీల నిండుదనం మాత్రం 93 శాతం నుంచి 87కు పడింది. ఇండెక్సులన్నీ తిరిగి కట్టించాక మొత్తం మీద 6 జీబీ తగ్గింది. అంచనా, వాస్తవం దాదాపు కలిశాయి.

ఒక సందేహం మిగిలింది. ఒకేసారి తొలగించినప్పుడు లాగ్ ఫైలు విపరీతంగా ఉబ్బింది. లైవ్‌లో ఏం చేయాలి?

దాళ్వా

ఒకే ఆజ్ఞలో తొలగించవద్దు. గొలుసు చెదరకుండా, కొన్ని వేల వరుసల చొప్పున విడతలుగా తీయండి, విడతల మధ్య లాగ్ బ్యాకప్ పడనివ్వండి. అప్పుడు లాగ్‌లో వాడిన చోటు తిరిగి వాడుకలోకి వస్తుంది. ప్రతి విడతకు ముందు ఆ వరుసలు ఆర్కైవ్‌కు చేరాయని, వరుసల సంఖ్యతోపాటు మొత్తాల కూడిక కూడా సరిపోయిందని పోల్చుకున్నాకే తొలగించాలి. దాళ్వా కోతలైపోయి సార్వా ధాన్యం ఇంకా రాని జూలై, ఆగస్టు నెలలు మీకు అనుకూలం, కాటా దగ్గర రద్దీ ఉండదు. ఇండెక్సులు తిరిగి కట్టే పని మాత్రం ఆదివారం రాత్రికి పెట్టుకోండి. మీది స్టాండర్డ్ ఎడిషన్ అయితే అది నడుస్తున్నంతసేపూ టేబుల్‌కు తాళం పడే ఉంటుంది.